మద్రాసు నుంచి మద్రాస్ స్ట్రీట్ దాకా

మే మొదటి వారం. చెన్నైలో కత్తిరి ఎండలు మొదలయ్యాయి. మేం మాత్రం మంచం మీద స్వెట్టర్లు పరిచి సర్దుకుంటున్నాం. చుట్టాలకి న్యూజీలాండ్ టూర్ అని చెప్పాం గానీ, నిజానికి అది పెళ్ళిచూపుల ప్రయాణం. మేమిద్దరం డాక్టర్లం. నాది జనరల్ మెడిసిన్, మా ఆయనది ఎనస్థీషియా. గుంటూరులో చదివి, ఉద్యోగాల కోసం వచ్చి, వేలచ్చేరిలో స్థిరపడ్డాం. ఇంకోచోటికి మారాలంటే అక్కడి ఊళ్ళూ ఆస్పత్రులూ కళ్ళతో చూడకుండా ఎలా?

మారాలన్న ఆలోచనకి పెద్ద కథేం లేదు. 2024 నవంబర్‌లో గిండీలో ఒక పేషెంటు కొడుకు ఆంకాలజిస్టుని ఓపీలోనే కత్తితో పొడిచాడు. ఆయన బతికి బయటపడ్డాడు. ఆ సాయంత్రం నా ఓపీలో తలుపు వైపు ఒక కన్ను వేసి బీపీలు చూశాను. అప్పటినుంచి ఇంట్లో ఈ మాట నలుగుతూనే ఉంది.

భూకంపాల దేశమైన న్యూజీలాండ్‌కి మారదామనుకుంటున్నామని అత్తయ్యకి చెప్పగానే ఆవిడ అన్నది ఒక్కటే: "వరదొస్తే మేడెక్కుతాం. భూమే ఊగితే ఎక్కడికెక్కుతారర్రా?"

2015 డిసెంబర్‌లో మా కింద వాటా వాళ్ళు మూడు రోజులు మా హాల్లోనే పడుకున్నారు. 2023లో మిగ్‌జాం తుఫానుకి మళ్ళీ అదే వరస. కాబట్టి ఆవిడ అనుభవంతోనే మాట్లాడింది. అలాగని చెన్నై కదలని నేలేం కాదు. 2002లో భూకంపాల మ్యాపు మార్చినప్పుడు ఈ ఊరిని రెండో జోన్ నుంచి మూడో జోన్‌లోకి తెచ్చారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర సముద్రంలో 8.6 తీవ్రతతో భూకంపం వస్తే ఇక్కడ ఆఫీసుల జనమంతా రోడ్డు మీదికొచ్చేశారు. మా ఆయన ఆ రోజు థియేటర్‌లో పేషెంటుకి మత్తిచ్చి ఉన్నాడు. సెలైన్ స్టాండు ఊగుతుంటే ఎవరో తగిలారనుకున్నాడట.

కాగితాల సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే డబ్బు పోయింది అక్కడే. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "మీ క్వాలిఫికేషన్లకి ఆరు నెలల్లో అయిపోతుంది మేడమ్" అని ఫీజు కట్టించుకున్నారు. ఆరు నెలల్లో అయ్యే పని కాదది. న్యూజీలాండ్ మెడికల్ కౌన్సిల్ తమకి సాటి అని ఒప్పుకున్న ఆరోగ్య వ్యవస్థల జాబితాలో ఇండియా లేదు. మా బ్యాచ్‌లో యూకేలో పనిచేస్తున్నవాళ్ళకి గత 48 నెలల్లో 33 నెలల అనుభవం చూపిస్తే ఆ దారి తెరుచుకుంటుంది. మనకి రెండే దారులు. స్పెషలిస్టుగా మన చదువునీ అనుభవాన్నీ అక్కడి స్పెషలిస్టు డాక్టర్ల సంఘంతో (దాన్ని కాలేజీ అంటారు) తూకం వేయించుకోవడం ఒకటి. లేదా ఇంగ్లిష్ టెస్టు, ఏదో ఒక దేశపు రాత పరీక్ష పాసై, ఆ తర్వాత ఎన్‌జెడ్‌రెక్స్ అనే క్లినికల్ పరీక్ష రాయడం. అది పాసయ్యాక కూడా ఇంటర్న్ పోస్టు దొరక్క వేరే పనులు చేసుకుంటున్న డాక్టర్లు అక్కడ ఉన్నారు. ఈ సంగతి కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పలేదు, అక్కడున్న మా కాలేజీ సీనియర్ అక్క చెప్పింది.

సింగపూర్ మీదుగా క్రైస్ట్‌చర్చ్‌లో దిగాం. దిగగానే ఆవకాయ పంచాయితీ. ఆ దేశంలోకి తిండి పదార్థం ఏది తెచ్చినా ఫారంలో రాయాలి, రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. మా ఆయన "సీల్ వేసిన ప్యాకెట్టే కదా, వదిలెయ్" అన్నాడు. నేను ఆవకాయ, గోంగూర, కందిపొడి, ఆఖరికి మిరియాలు కూడా రాశాను. ఆఫీసరమ్మ ఆవకాయ ప్యాకెట్టుని వెలుతురుకి పట్టుకుని చూసి, నవ్వి, వదిలేసింది. మా ఆయన ట్రెక్కింగ్ బూట్లని మాత్రం తీసుకెళ్ళి అడుగున మట్టి కడిగి తెచ్చి ఇచ్చింది.

బస ఒక మోటెల్‌లో. అక్కడి మోటెల్ అంటే మన లాడ్జి లాంటిది కాదు. చిన్న వంటిల్లు, గిన్నెలు, కెటిల్, గది ముందే కారు. తాళం ఇస్తూ చేతిలో ఒక బుల్లి పాల సీసా కూడా పెట్టారు, అది వాళ్ళ ఆనవాయితీ. పిల్లతో వెళ్ళేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని చెప్తాను, హోటల్ వద్దు, మోటెలే. రాత్రి పప్పూ అన్నం వండుకుని ఆవకాయ వేసుకుంటే ప్రయాణం బడలిక సగం పోయింది. మిగతా సగం చలి. హీట్‌పంపు వేస్తే ముఖానికి వేడి, పాదాలకి మంచు.

తలుపు వెనక, మన హోటళ్ళలో చెక్-అవుట్ టైము అంటించే చోట, భూకంపం వస్తే ఏం చేయాలో అంటించారు. వంగు, తల దాచుకో, పట్టుకో. మా అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, బల్ల కిందికి దూరి చూసుకుంది. ముగ్గురం పట్టలేదు.

మర్నాడు ఊళ్ళో నడుస్తుంటే వీధి బోర్డు కనిపించింది: మద్రాస్ స్ట్రీట్. క్రైస్ట్‌చర్చ్ నడిబొడ్డు వీధులకి ఆంగ్లికన్ బిషప్పుల పీఠాల పేర్లు పెట్టారట, అందులో మన మద్రాసు కూడా ఒకటి. ఫొటో తీసి అత్తయ్యకి పంపబోయాను. అదే వీధిలో, కాషెల్ స్ట్రీట్ కలిసే మూలకి వచ్చేసరికి ఆగిపోయాం.

2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి వచ్చిన భూకంపంలో ఆ ఊళ్ళో 185 మంది పోయారు. అందులో 115 మంది ఈ ఒక్క మూల మీదే, సీటీవీ అనే టీవీ ఛానెల్ బిల్డింగు కూలి. ఇప్పుడది ఖాళీ స్థలం, తోట. ఆ బిల్డింగులో ఒక క్లినిక్ ఉండేది, ఒక ఇంగ్లిష్ స్కూలు ఉండేది. ఆ స్కూల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సులు ఉండేవారు, న్యూజీలాండ్‌లో నర్సు ఉద్యోగానికి కావలసిన ఇంగ్లిష్ కోసం. అంటే మాలాంటివాళ్ళే. అక్కడికి పని కోసం వచ్చి, ఇంకా దాని గుమ్మంలోనే ఉన్నవాళ్ళు.

అంతకన్నా గుచ్చుకున్నది ఇంకోటి. అయిదు నెలల ముందు, 2010 సెప్టెంబర్‌లో, 7.1 తీవ్రతతో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత ఆ బిల్డింగుని చూసి వాడుకోవచ్చని పచ్చ స్టిక్కర్ అంటించారు. 1986లో కట్టిన బిల్డింగు అది, మరీ పాతదేం కాదు. డిజైన్‌లోనే లోపాలున్నాయని తర్వాత విచారణ కమిషన్ తేల్చింది. ఆ రోజు వరకూ నేను "ఏ ఊరు?" అని అడుగుతున్నాను. ఆ మూల దగ్గర నిలబడ్డాక "ఏ బిల్డింగు?" అని అడగడం మొదలుపెట్టాను.

మా సీనియర్ అక్క ఆస్పత్రి చుట్టూ తిప్పింది, లోపల పేషెంట్ల దగ్గరికి కాదు, బయటివాళ్ళు వెళ్ళగలిగిన మేరకే. 2011 ఫిబ్రవరి ఆ రోజు ఊళ్ళో మొదటి 24 గంటల్లో దెబ్బలు తగిలినవాళ్ళు 6,659 మంది. ఆస్పత్రిలో కరెంటు పోయింది, జనరేటర్లు కూడా మొరాయించాయి. మా ఆయన అది విని చాలాసేపు మాట్లాడలేదు. వెంటిలేటర్ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఆయనకి నోటికి తెలుసు. 2020లో తెరిచిన వైపాపా అనే కొత్త బ్లాకు మాత్రం బేస్ ఐసొలేషన్ మీద నిలబడింది. అంటే బిల్డింగుకీ పునాదికీ మధ్య రబ్బరు, స్టీలు పొరల దిమ్మలు. నేల విసురుగా కదిలినా పై బిల్డింగు నెమ్మదిగా ఊగుతుంది. గోడలు నిలబడటమే కాదు, ఆక్సిజన్ పైపులు విరగవు, సీలింగు రాలి పేషెంటు మీద పడదు. ఆస్పత్రికి కావలసింది అదీ.

ఇక వనరుల మాట. ఇక్కడ నేను అనుకున్నవి కొన్ని తిరగబడ్డాయి. చెన్నైలో నాకు ఎంఆర్ఐ కావాలంటే వీధి చివర ఉంది, సాయంత్రానికి రిపోర్టు. అక్కడ అత్యవసరం కాకపోతే వరసలో నిలబడాలి. షుగర్ ఉన్నవాళ్ళకి ఇక్కడ నేను డాపాగ్లిఫ్లోజిన్ రాసేస్తాను, 2020లో పేటెంటు అయిపోయాక ధర పడిపోయింది. అక్కడ ఆ జాతి మందు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలంటే మందులు కొనే ప్రభుత్వ సంస్థ ఫార్మాక్ పెట్టిన షరతులకి సరిపడాలి, స్పెషల్ అథారిటీ అనే అనుమతి ఫారం నింపాలి. మరోపక్క, వైద్యంలో పొరపాటు జరిగితే పేషెంటుకి ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా సంస్థ పరిహారం ఇస్తుంది, నష్టపరిహారం కోసం డాక్టరు మీద కోర్టుకెక్కడం ఉండదు. 1974 నుంచీ నడుస్తున్న పద్ధతి. మనకి 1995 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. అక్క ఓ మాటంది: "ఇక్కడ టెన్షన్ పేషెంటు గురించే ఉంటుందే, పేషెంటు తాలూకు వాళ్ళ గురించి కాదు." అయితే నోట్సు టైపు చేసుకోవడం నుంచి అన్నీ మనమే చేసుకోవాలని కూడా చెప్పింది. పక్కన డ్యూటీ డాక్టరుతో రాయించుకునే అలవాటున్న నాకు అది చిన్న సంగతి కాదు.

గ్రేమౌత్‌కి ట్రాన్జ్‌ఆల్పైన్ రైల్లో వెళ్ళాం. 223 కిలోమీటర్లు, ఐదు గంటలు. టికెట్టు ఖరీదే గానీ ఆ కొండల కోసం పెట్టొచ్చు. 1923లో తెరిచిన ఎనిమిదిన్నర కిలోమీటర్ల ఒటీరా సొరంగం దాటాక పడమటి వైపు అడవీ వానా. మధ్యలో ఎక్కడో రైలు ఆల్పైన్ ఫాల్ట్ అనే భూమిలోని పెద్ద పగులుని దాటుతుంది. ఆ పగులు దాదాపు మూడు వందల ఏళ్ళకోసారి కదులుతుందని లెక్క, చివరిసారి 1717లో. వచ్చే 50 ఏళ్ళలో మళ్ళీ కదిలే అవకాశం 75 శాతం అంటారు. కిటికీలోంచి చూస్తే పచ్చిక, ఆవులు.

గ్రేమౌత్ నాకు నచ్చలేదు, మా ఆయనకి బాగా నచ్చింది. ఆస్పత్రి 2020లో తెరిచిన కొత్తది, ఊరు చిన్నది, సముద్రం ఎదురుగానే. పొద్దున్నే నది లోయలోంచి కోసేసే గాలి వస్తుంది, దాన్ని అక్కడివాళ్ళు బార్బర్ అంటారు, మంగలి కత్తిలా ఉంటుందని. నా లెక్క వేరే. పెద్ద కేసు వస్తే హెలికాప్టర్‌లో కొండలు దాటించి క్రైస్ట్‌చర్చ్ పంపాలి. వాతావరణం బాగోకపోతే ఎగరదు. ఆ ఫాల్ట్ కదిలితే కనుమ రోడ్డూ రైలూ తెగి ఆ తీరం ఒంటరైపోతుందని ప్రభుత్వమే ఏఎఫ్8 పేరుతో ప్రణాళిక వేసుకుంటోంది. అర్ధరాత్రి బ్లీడింగు ఆగని పేషెంటు, ఎనస్థీషియాకి నువ్వొక్కడివే, పిలవడానికి రెండో మనిషి లేడు, అప్పుడేం చేస్తావని అడిగాను. "చెన్నైలో మాత్రం నలుగురు వస్తున్నారా?" అన్నాడు. ఆ పోట్లాట రైల్లో వెనక్కొచ్చేదాకా సాగింది.

వెల్లింగ్టన్‌లో తీసుకున్న సర్వీస్ అపార్ట్‌మెంట్ ఈ ట్రిప్పులో తప్పు ఖర్చు. ఫొటోల్లో సముద్రం, గదిలో చెమ్మ. మా అమ్మాయికి దగ్గు మొదలైంది. బిల్డింగుకి భూకంప రేటింగ్ ఎంత అని మెయిల్‌లో ముందే అడిగాను, జవాబు రాలేదు. అక్కడ కొత్త బిల్డింగు ప్రమాణంలో ఎంత శాతం అన్నది లెక్క, 34 కన్నా తక్కువుంటే భూకంపానికి నిలవనిదిగా పరిగణిస్తారు. ఇల్లు అద్దెకి చూసేటప్పుడు పడకగదులతో పాటు ఇదీ అడగాలని అక్క హెచ్చరించింది. రిసెప్షన్‌లో అడిగితే "మేనేజరుని కనుక్కుంటాం" అన్నారు. మేం ఖాళీ చేసేదాకా కనుక్కుంటూనే ఉన్నారు.

అదే బిల్డింగులో, మూడో రాత్రి, మంచం కదిలింది. కుదుపేం కాదు. కింద నుంచి బరువైన లారీ పోయినట్టు ఒక గుర్రుమన్న చప్పుడు, గ్లాసులో నీళ్ళ మీద సన్నటి వలయాలు. ఐదారు సెకన్లు. నేను లేచి కూర్చునేసరికి అయిపోయింది. మా ఆయన ముందు ఫోన్ తీసి, భూకంపాలు నమోదు చేసే జియోనెట్ ఆప్ చూశాడు. ఆ దేశంలో ఏడాదికి దాదాపు 20 వేల ప్రకంపనలు నమోదవుతాయి, మాది వాటిలో ఒక చిన్నది. మా అమ్మాయి నిద్రే లేవలేదు. పొద్దున చెప్తే, లేపనందుకు మా మీద అలిగింది.

ఆ అలక తీర్చడానికి టే పాపా మ్యూజియంకి వెళ్ళాం. ప్రవేశం విదేశీయులకి టికెట్టు, అయినా వెళ్ళండి. మ్యూజియం కూడా రబ్బరు దిమ్మల మీదే ఉంది, వాటిని చూడనిస్తారు. మధ్యలో సీసం స్తంభం ఉండే ఆ దిమ్మని 1970లలో కనిపెట్టింది అక్కడి శాస్త్రవేత్త బిల్ రాబిన్సన్. మనవాళ్ళకి చెప్పాల్సిందేంటంటే, 2001 భూకంపంలో భుజ్ సివిల్ ఆస్పత్రి కూలిపోయాక మళ్ళీ కట్టిన ఆస్పత్రి కింద పెట్టినవి ఈ న్యూజీలాండ్ దిమ్మలే. మన దేశంలోనే ఉన్నదాన్ని నేను అంత దూరం వెళ్ళి తెలుసుకున్నాను.

ఐలండ్ బే రోడ్ల మీద సునామీ కోసం గీసిన నీలం గీతలు కూడా చూశాం. పెద్దగా గానీ, చాలాసేపు గానీ నేల ఊగితే సైరన్ కోసం చూడకుండా ఆ గీత దాటి పైకి నడిచిపోవాలి. 2004 డిసెంబర్ 26 పొద్దున మెరీనాలో అలాంటి గీత ఒకటి ఉంటే, అనిపించింది.

తిరిగొచ్చి మూడు వారాలైంది. మా ఓటు క్రైస్ట్‌చర్చ్‌కి, ఆయన గొణుగుతూనే ఒప్పుకున్నాడు. స్పెషలిస్టు అసెస్‌మెంటుకి ఆయన కాగితాలు ముందు పెడుతున్నాం, నావి తర్వాత. ఎంత కాలం పడుతుందో అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడ మద్రాస్ స్ట్రీట్ ఫొటో చూసి, "అక్కడ కూడా మనూరే" అని పక్కింటావిడకి చూపించింది.

నాకు మాత్రం కొత్త జబ్బు పట్టుకుంది. ఏ బిల్డింగులోకి వెళ్ళినా ముందు కింద చూస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ కింద అంతా కారు పార్కింగు, గోడల్లేని సన్నటి స్తంభాలు. 2001లో అహ్మదాబాద్‌లో కూలిన వాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. పోయిన ఆదివారం అసోసియేషన్ మీటింగులో లేచి, మన బిల్డింగు స్ట్రక్చరల్ డ్రాయింగులు ఎవరి దగ్గరున్నాయని అడిగాను. సెక్రటరీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అవి బిల్డరు దగ్గర ఉండాలమ్మా, ఆయన ఫోనెత్తడం మానేసి ఆరేళ్ళయింది. ముందు వానలొచ్చేలోపు మోటారు పంపు సంగతి చూద్దాం" అన్నారు. పంపుకి తలా రెండు వేలు రాశారు. నేనూ సంతకం పెట్టాను.