తడిసిన దస్తావేజు, 50 కేబీ పేజీ: స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్ చాలాకాలం వాడాక

గోదావరి డెల్టాలో పాత కాగితం శుభ్రంగా దొరకడం అరుదు. 1986 ఆగస్టు వరదలో నానినవి, 1996 నవంబరు తుపానుకి తడిసి ఆరినవి, ట్రంకుపెట్టెలో చెమ్మకి పసుపెక్కినవి, అంచులు చెదలు తిన్నవి ఎక్కువ. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు చెరువు లీజుకో బ్యాంకు రుణానికో లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, స్కాన్ చేసి ఎక్కించాలి. ఫైలు ఒకచోట 200 కేబీ దాటకూడదంటారు, ఇంకోచోట 2 ఎంబీ అంటారు. ఈ పనికి స్కాన్ చేసిన పేజీల్ని శుభ్రం చేసే ప్రోగ్రాం, స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్‌ని చాలాకాలంగా వాడుతున్నాను. ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. నాలుగు పేజీలు దాటిన దస్తావేజుకి దీన్ని మించింది నాకు కనపడలేదు. ఒక్క పేజీ రసీదుకి మాత్రం ఇంత తతంగం అక్కర్లేదు.

ముందు లెక్క చూడండి. ఏ4 పేజీని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు. రంగుల్లో అయితే కుదించకముందు దాదాపు 26 ఎంబీ, గ్రేలో (బూడిద ఛాయల్లో) 8.7 ఎంబీ, పిక్సెల్‌కి ఒక్క బిట్ చొప్పున నలుపు తెలుపులో 1.1 ఎంబీ లోపే. ఆ నలుపు తెలుపు బొమ్మనే ఫ్యాక్స్ కాలం నాటి గ్రూప్ 4 పద్ధతిలో కుదిస్తే టైపు చేసిన పేజీ 40 నుంచి 60 కేబీకి వస్తుంది, అదీ ఒక్క పిక్సెల్ పోకుండా. అంటే సైజు తేలేది చివర్లో నొక్కే ‘కంప్రెస్ పీడీఎఫ్’ దగ్గర కాదు, గ్రే బొమ్మ నలుపు తెలుపుగా మారేచోట. స్కాన్‌టైలర్ బలమంతా అక్కడే ఉంది.

స్కాన్ చేసేటప్పుడే నలుపు తెలుపు ఎంచుకుంటే సరిపోదా అనకండి. స్కానరు పేజీ మొత్తానికీ ఒకే గీత గీస్తుంది: ఇంతకంటే ముదురుదంతా నలుపు, మిగతాదంతా తెలుపు. నీటిమరక పడ్డచోట పేజీ నల్లటి ముద్దవుతుంది, కార్బన్ కాపీలో పలచటి అక్షరం మాయమవుతుంది. గ్రేలోనే తియ్యండి, సీళ్లున్న పేజీలు రంగుల్లో తియ్యండి. స్కాన్ చెయ్యడానికి న్యాప్స్2 హాయిగా ఉంటుంది. ఫైళ్లు టిఫ్‌గా గానీ పీఎన్‌జీగా గానీ దాచండి. స్కాన్‌టైలర్ పీడీఎఫ్‌ని తీసుకోదు, ఇవ్వదు కూడా. చేతికొచ్చింది పీడీఎఫ్ అయితే పాప్లర్ అనే ఉచిత సాధనాల మూటలోని పీడీఎఫ్‌ఇమేజెస్‌తో, ‘ఆల్’ ఆప్షన్ పెట్టి, లోపలి బొమ్మల్ని ఉన్నవున్నట్టు బయటికి తియ్యాలి.

స్టాంపు కాగితాలతో ఇంకో చిక్కు: అవి తరచు ఏ4 స్కానరు అద్దానికన్నా పొడుగు. పైభాగం, కిందిభాగం విడిగా తీసి, గ్రేలో ఉండగానే అతకాలి. స్కానరులో వెలుగుని దానంతటదే సర్దే ఆటో ఎక్స్‌పోజర్ ఆపకపోతే రెండు ముక్కలూ రెండు ఛాయల్లో వచ్చి అతుకు దగ్గర గీత పడుతుంది.

లోపల ఆరు దశలున్నాయి: పేజీ తిప్పడం, జంట పేజీల్ని విడదియ్యడం, వంకర సరిచెయ్యడం, విషయమున్న భాగం గుర్తించడం, మార్జిన్లు, చివరికి అవుట్‌పుట్. మొదటి మూడూ దానంతటదే బాగా చేస్తుంది. నాలుగోదాన్ని నమ్మొద్దు. మార్జిన్‌లో పెట్టిన సంతకం, పక్కకి పడ్డ వేలిముద్ర, కింద మూల పేజీ నంబరు దాని కంటికి చెత్తలా కనపడి పెట్టె బయట ఉండిపోతాయి. దస్తావేజుల్లో అవే ముఖ్యం కాబట్టి ప్రతి పేజీలో పెట్టెని చేత్తో లాగి చూసుకోండి.

అవుట్‌పుట్ దశలో ఎక్కువ సమయం పెట్టాలి. మామూలుగా వచ్చే ఓట్సు పద్ధతి కూడా పేజీకంతటికీ ఒకే గీత గీసేదే. మరకలున్న పేజీకి సవోలా గానీ వుల్ఫ్ గానీ ఎంచుకోండి. ఇవి ప్రతి పిక్సెల్‌కీ దాని చుట్టుపక్కల ఛాయని బట్టి గీత మారుస్తాయి. సవోలాలో ఆ గీతని సర్దే అంకె, కోఎఫిషియెంట్, 0.34 దగ్గర ఉంటే, వెలిసిన కార్బన్ కాపీకి 0.2 దాకా దించండి. సన్నగీతలు తిరిగొస్తాయి, వాటితో పాటు ఇసుకలాంటి నల్లచుక్కలూ కాస్త వస్తాయి.

ఆ ఇసుక చూడ్డానికే కాదు, సైజుకీ శత్రువు. గ్రూప్ 4 పద్ధతి ప్రతి వరసలో నలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసుకుంటుంది. చుక్కచుక్కకీ ఒక మొదలు, ఒక ఆగడం. 50 కేబీ రావాల్సిన పేజీ చుక్కలవల్ల 300 కేబీ దాటడం మామూలే.

అలాగని చుక్కల్ని తుడిచే డీస్పెకిల్ వడపోతని గట్టిగా పెడితే తెలుగు దెబ్బతింటుంది. మన లిపి సంగతి దానికి తెలీదు. ‘ద’కీ ‘ధ’కీ, ‘ప’కీ ‘ఫ’కీ, ‘డ’కీ ‘ఢ’కీ తేడా అడుగున చిన్న గీతే. అది అక్షరానికి అంటకుండా అచ్చయితే వడపోత దాన్ని దుమ్ముగా లెక్కేసి తుడిచేస్తుంది. ఇంటిపేర్లలో, ఊరిపేర్లలో ఇలా ఒక్క గీత పోతే ఆఫీసులో మళ్లీ అఫిడవిట్ అడుగుతారు. డీస్పెకిల్‌ని అన్నిటికన్నా కింది మెట్టులో ఉంచి, మిగిలిన మరకల్ని ఫిల్ జోన్లు (ఒకే రంగు నింపే పెట్టెలు) గీసి తెలుపు చెయ్యడం మేలు. ఆ జోను అక్షరాన్నీ సీలునీ తాకకూడదు. రెండోవైపు గీతలు మరీ మందం చేస్తే సున్నా లోపల నిండిపోయి మచ్చలా మిగులుతుంది. తెలుగు పేజీకి 300 డీపీఐ కనీసం. చిన్న ఒత్తులున్న పాత అచ్చుకి అవుట్‌పుట్ 600 పెట్టండి, ఫైలు దాదాపు రెట్టింపవుతుంది, అంతే.

ఎర్ర సీలు, ఊదా వేలిముద్ర ఉన్న పేజీలకి రెండు దారులున్నాయి. మిక్స్‌డ్ మోడ్ అక్షరాల్ని నలుపు తెలుపు చేసి సీలుని బొమ్మగా ఉంచుతుంది, కానీ వచ్చే టిఫ్ పూర్తి రంగుల్లో చాలా ఎంబీలుంటుంది. సీలు మాత్రమే అయితే నలుపు తెలుపు మోడ్‌లోనే రంగు భాగాల్ని విడిగా ఉంచే కలర్ సెగ్మెంటేషన్ వాడండి. గుప్పెడు రంగులే మిగులుతాయి, పీఎన్‌జీగా మార్చితే ఫైలు చిన్నదే. వేలిముద్ర గీతలు ముఖ్యమైన పేజీని మాత్రం గ్రే జేపెగ్‌గా వదిలెయ్యండి. ఆ ఒక్క పేజీ బరువు మోయక తప్పదు.

బయటికొచ్చిన పేజీల్ని కుట్టడానికి ఇమ్‌జీ2పీడీఎఫ్. టిఫ్‌లు గ్రూప్ 4లో ఉంటే విప్పకుండా అలాగే పీడీఎఫ్‌లో పెడుతుంది. లిబ్రెఆఫీస్ డ్రాలో పేజీలు పెట్టి ఎగుమతి చేసే అలవాటున్నవాళ్లు మానుకోండి. మామూలు సెట్టింగుల్లో అది జేపెగ్ నాణ్యత 90తో మళ్లీ కుదిస్తుంది, అక్షరాల అంచున పొగ కమ్ముతుంది. పీడీఎఫ్‌ని కుదించడానికి చాలామంది వాడే ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో ‘ఈబుక్’ సెట్టింగు రంగు, గ్రే బొమ్మల్ని 150 డీపీఐకి, ‘స్క్రీన్’ 72కి దించుతాయి. ఒత్తులున్న లిపికి 72 పనికిరాదు.

వెతుక్కోవడానికి వీలుగా అక్షరాల పొర కావాలంటే ఓసీఆర్‌మైపీడీఎఫ్ నడిపి భాషలు తెలుగు, ఇంగ్లీషు రెండూ ఇవ్వండి. లోపల పనిచేసేది అక్షరాల్ని గుర్తించే టెసరాక్ట్. అచ్చు తెలుగుని బాగానే చదువుతుంది, డాక్యుమెంట్ రైటర్ చేతిరాతని చదవలేదు. పొర వల్ల పెరిగే సైజు కొద్ది కేబీలే. నలుపు తెలుపు బొమ్మల్ని జేబిగ్2 పద్ధతిలో కుదించే జేబిగ్2ఎన్‌సీ కూడా ఉంటే నలుపు తెలుపు పేజీలు ఇంకొంత తగ్గుతాయి. కానీ జేబిగ్2లో నష్టంతో కుదించే పద్ధతిని భూమి కాగితాలకి ఎప్పుడూ వాడొద్దు. పోలిక ఉన్న అక్షరాలకి ఒకే అచ్చు వాడుతుందది. 2013లో జర్మనీ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్ జిరాక్స్ కంపెనీ యంత్రాలు స్కాన్‌లో 6ని 8గా మార్చెయ్యడాన్ని బయటపెట్టాడు, కారణం ఇదే. సర్వే నంబరు 68/6 కాస్తా 68/8 అయినా పేజీ నీటుగానే కనపడుతుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఆధార్ నంబరులో మొదటి 8 అంకెలు దాచాలంటే పీడీఎఫ్ ఎడిటర్‌లో నల్లపెట్టె పెట్టి ఊరుకోవద్దు. పెట్టె కింద అంకెలు అలాగే ఉంటాయి, జరిపితే కనపడతాయి. స్కాన్‌టైలర్ ఫిల్ జోన్ పిక్సెళ్లనే మార్చేస్తుంది కాబట్టి ఆ భయం లేదు. పీడీఎఫ్ ఎడిటర్లలో పేజీలు తీసేశాక మామూలు ‘సేవ్’ నొక్కితే పాత పేజీలు ఫైలు లోపలే ఉండిపోయి సైజు తగ్గకపోవచ్చు. ‘సేవ్ యాజ్’ చేసి చూడండి.

కొత్తవాళ్లు తడబడేది ఫోన్ ఫొటోల దగ్గర. డీపీఐ ఎంతో చెప్పమని స్కాన్‌టైలర్ మొదట్లోనే అడుగుతుంది, తప్పు ఇస్తే పేజీ గోడపత్రిక అంత అవుతుంది. ఫొటోలో కాగితం వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూసి ఏ4 వెడల్పు 8.27 అంగుళాలతో భాగించండి, అదే జవాబు. ప్రాజెక్టు మొదలుపెట్టాక ఫోల్డరు పేరు మార్చొద్దు, అసలు బొమ్మలు ఎక్కడున్నాయో మర్చిపోతుంది. గ్రే అసలు ఫైళ్లని విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఎక్కించే ఫైలు పరిమితి మారినప్పుడల్లా కాగితాన్ని మళ్లీ అద్దం మీద పరిస్తే, చెదలు తిన్న అంచు ఇంకాస్త రాలుతుంది.