నాగు అడగబోయినట్టే ఉంది: ఒక నైజీరియా నవల గురించి

చినువా అచెబె రాసిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నిన్న రాత్రి పూర్తిచేశాను. 1958లో వచ్చిన నవల. ఇగ్బో ప్రజల ఊరు ఉమోఫియా, అక్కడికి తెల్లవాళ్లు వచ్చాక ఏమైందన్నది కథ. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో సోషల్ టీచర్‌ని. ఇన్నేళ్లూ ఆఫ్రికా అంటే పిల్లలకు మ్యాపు వేసి, యూరప్ దేశాలు ఆఫ్రికా పంపకానికి నియమాలు పెట్టుకున్న 1884-85 బెర్లిన్ సమావేశం చెప్పి, ఏ దేశాన్ని ఎవరు ఏలారో రాయించేదాన్ని.

మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. కథానాయకుడు ఒకాంక్వోకు తండ్రి నుంచి గాదె కూడా రాలేదు. కుండెడు కల్లు, ఒక కోడిపుంజు తీసుకుని మోతుబరి న్వాకిబియే ఇంటికి పోతాడు. పెద్దలు అతిథి మర్యాదగా ఇచ్చే కోలా కాయ పంచుకుంటారు, కల్లు తాగుతారు. ఆ తర్వాత గానీ విత్తనపు దుంపల మాట ఎత్తడు. మన పెండలం లాంటి దుంపలవి. నాలుగు వందలు దొరికితే చాలనుకున్నవాడికి ఎనిమిది వందలు ఇస్తాడు. పండినదాంట్లో ఒకాంక్వోకు మూడో వంతే.

మా నాయిన నాగుకు, అంటే గింజల అప్పుకు, పోయింది కూడా ఇట్లాగే. చంకలో ఖాళీ సంచి పెట్టుకుని, పటేల్ ఇంటి ముందు వానల గురించి, ఎడ్ల గురించి గంటసేపు మాట్లాడి, ఇక లేస్తాననేటప్పుడు జొన్నల మాట తీసేవాడు. పక్కన నిలబడి నాకు విసుగొచ్చేది. చేయి చాపడానికి ముందు మర్యాద నిలుపుకోవడానికే ఆ గంట అని ఈ పుస్తకం చదివాకే తెలిసింది.

ఆ ఏడే కరువొస్తుంది. నేల వేడికి మాడకుండా ఒకాంక్వో మొలకల చుట్టూ కిత్తనార ఆకులు చుట్టలుగా పెడతాడు. పొద్దుగూకేసరికి అవీ ఎండిపోతాయి. రోజూ మారుస్తాడు. తర్వాత వాన మొదలై ఆగదు. తీగలు పచ్చగా ఏపుగా పెరుగుతాయి, ఎండ లేక దుంప ఊరదు. ఒక రైతు తన బట్టతోనే చెట్టుకు ఉరేసుకుంటాడు. ఇక్కడ పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాను. మా జిల్లాలో ఆ వాక్యం చదివి ముందుకు పోవడం కష్టం.

నవల చివర్లో బ్రిటిష్ జిల్లా కమిషనర్ తాను రాయబోయే పుస్తకంలో ఒకాంక్వోకు ఒక పేరా చాలనుకుంటాడు. అప్పటికి మనం ఆ మనిషితో ఇరవై ఐదు అధ్యాయాలు నడిచి ఉంటాం. అచెబె గొప్పతనం అంతా నాకు అక్కడ కనిపించింది. తన ఊరిని దేవతల ఊరిగానూ చూపించలేదు. కవల పిల్లలను అడవిలో పారేసిన ఆచారాన్నీ దాచలేదు.

ఒక లోటు మాత్రం ఉంది. ఒకాంక్వో రెండో భార్య ఎక్వెఫి, ఆమె కూతురు ఎజిన్మా కనిపించే పేజీలు ఎంత బాగున్నాయంటే, మిగతా ఆడవాళ్ల మనసులోకి కూడా తీసుకుపోతే బాగుండేదనిపించింది.

ఇంగ్లీషు సులువే. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కాపీలో అక్షరాలు బాగా చిన్నవి. వెనక ఇగ్బో మాటలకు అర్థాలున్నాయి, ముందే చూసుకోండి.

సోమవారం తొమ్మిదో తరగతికి మూడో అధ్యాయం తెలుగులో చెప్తాను. కిత్తనార మా బడి కంచె పక్కనే ఉంది, ఒక ఆకు కోసుకుపోతాను.