చలికాలంలో గుర్రానికి దుప్పటా, ఎండుగడ్డా?

బెంగళూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. హొసకోటె వైపు షెడ్డులో మా రెండు గుర్రాలను చూసి జాలేసి, మొదటి ఏడాది దుప్పట్లు కొన్నాను. రెండో ఏడాది ఆ డబ్బు ఎండుగడ్డికి పెట్టాను. నా లెక్కలో గడ్డిదే పైచేయి.

గుర్రం పేగుల్లో పీచు పులిసేటప్పుడు వేడి పుడుతుంది. అదే దాని కుంపటి. దాణాతో అంత వేడి రాదు, పైగా ఒక్కసారిగా పెంచితే కడుపునొప్పి. రోజుకి ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం మేత కావాలి, అంటే 400 కిలోల గుర్రానికి 6 నుంచి 8 కిలోలు. నేలమీద వేస్తే చాలావరకు తొక్కి పాడుచేసేవి. చిన్న కన్నాల వలలో కట్టాక ఆ వృథా తగ్గింది, అసలు మిగులు అక్కడే కనిపించింది. కొనేముందు కట్ట మధ్యలోకి చెయ్యి దూర్చి చూడండి. వెచ్చగా, ముక్కవాసనతో ఉంటే ఎంత చవకైనా వద్దు. బూజు దగ్గు తెస్తుంది.

ఇక దుప్పటి. ఒళ్లంతా బొచ్చున్న ఆరోగ్యమైన గుర్రానికి ఈ చలికి అది అక్కర్లేదు. మధ్యాహ్నం ఎండెక్కితే దాని కింద చెమటలు. ఒకసారి వారంపాటు విప్పి చూడలేదు. మా ముసలి గుర్రం భుజం మీద వెంట్రుకలు రాలి, చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధేస్తుంది. బక్కచిక్కినవాటికి, బొచ్చు కత్తిరించినవాటికి మాత్రం ఒకటి కొనండి, అక్కడ పొదుపు చూడొద్దు.

గడ్డి పెంచితే నీళ్లు మరవకండి. చలికి తక్కువ తాగితే మేత పేగుల్లో అడ్డుపడుతుంది. పొద్దున్నే ఓ బకెట్ గోరువెచ్చటి నీళ్లు పెడితే మావి గటగటా తాగేస్తాయి.