ఏడేళ్లు వాడాక మా లాయర్ గారి గురించి: పెన్సిల్ చీటీకి ఐదు, వీలునామాకి రెండున్నర

మా లాయర్ గారి గురించి 2019లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పాను. ఆఫీసులో ముగ్గురు, మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు నా మాట మీదే ఆయన దగ్గరికి వెళ్లారు. ఇప్పుడు అదే మాట చెప్పాలంటే మధ్యలో ఒక "కానీ" పెట్టాల్సి వస్తోంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. పేరు రాయను. లాయర్లు తమ గురించి ప్రకటనలు వేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది కాబట్టి మనలాంటివాళ్లకి నోటి మాటే దిక్కు, ఆ నోటి మాట నేను కాస్త ఎక్కువే వాడేశాను.

ఆయనలో నాకు నచ్చింది ఒక్కటే, పెన్సిల్ చీటీ. పాత క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి సగానికి చింపి ఒక కట్ట పెట్టుకుంటారు. మనం తెచ్చిన జిరాక్సులు ఒక్కో పేజీ వేలితో గీసుకుంటూ చదువుతారు, జూనియర్‌కి ఇవ్వరు. చదువుతూ ఆ చీటీ మీద లేని కాగితాలు, తేలని ప్రశ్నలు నంబర్లు వేసి రాస్తారు. చివర్లో అది మన చేతిలో పెట్టి "ఇవి తెండి" అంటారు, అంతే. "అంతా క్లియర్" అన్న మాట ఈ ఏడేళ్లలో నేను ఆయన నోట వినలేదు. ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను, ఎందుకంటే ఇల్లు కొనేటప్పుడు చుట్టూ ఉన్న ప్రతివాడూ క్లియర్ అనేవాడే.

2018లో నిజాంపేటలో ఒక పాత ఫ్లాట్ చూశాం. లోన్ కోసం బ్యాంకు తరఫు లాయర్ రెండు రోజుల్లో ఓకే చేసేశారు. మీడియేటర్ అయితే "బ్యాంకే డబ్బులిస్తుంటే మీకెందుకండీ టెన్షన్" అని రోజుకోసారి ఫోన్. నాన్న పోరు పడలేక ఆ ఫైలు పట్టుకుని ఎల్బీ నగర్‌లో ఈయన ఆఫీసు మెట్లెక్కాం. ఆయన ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తిరగేసి, "ఇది బాగానే ఉందమ్మా, కానీ ఈసీలో రిజిస్టరైన కాగితాలే కనబడతాయి, చచ్చిపోయినవాళ్లు కనబడరు" అన్నారు. ఆ రోజు చీటీలో పదకొండు నంబర్లు. నాలుగో నంబర్ దగ్గర కాగితం పేరేం లేదు, "నాలుగో ఆయన ఎక్కడ?" అని మాత్రం ఉంది. 1987 దస్తావేజు ప్రకారం ఆ స్థలం నలుగురు అన్నదమ్ములది, బిల్డర్‌తో చేసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో మూడే సంతకాలు. నాలుగో ఆయన మధ్యలో పోయారు, భార్యా కూతురూ ఉన్నారు, వాళ్లని ఎవరూ అడగలేదు. రెండున్నర నెలలు పట్టింది, అమ్మేవాళ్లతో మాటలు పడ్డాం, చివరికి కరీంనగర్ నుంచి ఆ తల్లీకూతుళ్లు వచ్చి రాటిఫికేషన్ డీడ్ (జరిగినదానికి మేమూ ఒప్పుకుంటున్నామని రాసిచ్చే పత్రం) మీద సంతకాలు పెట్టారు. "ఇన్నేళ్లలో మమ్మల్ని అడిగింది మీరే మొదలు" అందా అమ్మాయి. ఆ ఒక్క డీడ్‌తో బిల్డింగ్ మొత్తానికి లింకు, అంటే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందనే కాగితాల వరస, సరైపోయింది, మిగతా ఫ్లాట్లవాళ్లు మాకు ఇప్పటికీ ఒక టీ బాకీ.

ఇదీ నేను అందరికీ చెప్పుకు తిరిగిన కథ. అబద్ధం ఒక్కటి లేదు.

ఇక వీలునామా. 2020 అక్టోబర్, మొదటి కరోనా అప్పుడే కాస్త తగ్గింది. మల్కాజిగిరి ఇంటి గురించి రాసేద్దామని నాన్నే అన్నారు. సొంత సంపాదనతో కట్టిన ఇల్లు కాబట్టి ఎవరికెలా రాసినా ఆయన ఇష్టం. పై అంతస్తు తమ్ముడికి, కింది భాగం ముందున్న షట్టర్‌తో సహా నాకు, అమ్మ బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు. మేం స్టాంపు పేపర్లు కొనుక్కుని వెళ్తే లాయర్ గారు వాటిని పక్కన పెట్టించి "వీలునామాకి తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి" అన్నారు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు కానీ చేయిస్తే మంచిదన్నారు, చేయించాం. సాక్షులుగా నాన్న తన మార్నింగ్ వాక్ స్నేహితులిద్దర్ని తీసుకొచ్చారు. లాయర్ గారు వాళ్ల ఆధార్‌లు తీసుకుని ఇంటి నంబర్లు, పిన్‌కోడ్‌లు, పేర్ల స్పెల్లింగులు అన్నీ సరిచూశారు. ఒకాయన ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంటే డ్రాఫ్టు మళ్లీ కొట్టించారు. ఆ జాగ్రత్తకి నేను మురిసిపోయాను కూడా. ఆ ఆధార్ కార్డుల మీదే పుట్టిన సంవత్సరాలూ ఉన్నాయి. ఒకాయనకి 74, ఇంకొకాయనకి 71. నాన్నకి 70. రాసేవాడికన్నా సాక్షులు పెద్దవాళ్లు. ఇది అక్కడున్న ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు. మాకు తట్టకపోవడం సరే, ఆయన పనే అది కదా.

మొదటి సాక్షి 2021 మేలో, సెకండ్ వేవ్‌లో పోయారు. 2022లో రెంటల్ అగ్రిమెంట్ పని మీద లాయర్ గారి దగ్గరికి వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి నేనే చెప్పాను. "అయ్యో, మంచి మనిషి" అన్నారు, కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ నా జిరాక్సు మీదికి వంగిపోయారు. నా మొత్తం కోపం ఆ ఒక్క క్షణం మీదే. అప్పటికి నాన్న బాగున్నారు, రోజూ పేపర్ చదివి మాకు రాజకీయాలు చెప్తున్నారు. వేరే సాక్షులతో కొత్త వీలునామా రాయించడం ఒక్క పూట పని. "ఒకసారి నాన్నగార్ని తీసుకురామ్మా" అనుంటే సరిపోయేది.

నాన్న 2024 జనవరిలో పోయారు. ఇంటి పన్ను రికార్డులో పేర్లు మార్పిద్దామని వీలునామా తీస్తే తమ్ముడి ముఖం మారింది. వాడు బెంగళూరులో ఉంటాడు, చెడ్డవాడేం కాదు. "అప్పట్లో నాన్నకి షుగర్ పడిపోయి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాం కదక్కా, ఏ మైకంలో పెట్టారో సంతకం" అన్నాడు. వీలునామా చెల్లదంటే అమ్మకీ వాడికీ నాకూ తలా మూడో వంతు. షట్టర్ అద్దె నెలనెలా వచ్చేది కాబట్టి అసలు బాధ అక్కడుందని నాకు తెలుసు, వాడికీ తెలుసు.

లాయర్ గారికి ఫోన్ చేస్తే, రిజిస్టరైనా సరే, ఎవరైనా కాదంటే వీలునామాని కోర్టులో రుజువు చేయాలి, అందుకు సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాలి, రెండో ఆయన్ని ఒకసారి కలిసి రమ్మన్నారు.

ఆయన ఏఎస్ రావు నగర్‌లో కోడలి దగ్గరుంటున్నారు. వెళ్లేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు, తీసిన ఈనెల్ని కాయల్లోనే వేస్తున్నారు, కోడలు వెనకాల నిలబడి ఏమీ అనకుండా చూస్తోంది. నేను కాగితం చూపించాను. చాలాసేపు చూసి, వేలు పెట్టి, "సంతకం నాదేనమ్మా" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎప్పుడు పెట్టానో మాత్రం..." అని ఆగి, నా ముఖంలోకి చూసి, "మీ నాన్న ఈ మధ్య వాకింగ్‌కి రావట్లేదేం?" అన్నారు. దశదిన కర్మకి ఆయన వచ్చి భోజనం చేసి వెళ్లారు. నేను "వస్తారు బాబాయ్" అన్నాను. ఇంకేం అనాలి.

ఇక్కడ లాయర్ గారికి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. జరిగింది చెప్పగానే ఆయన మాటలు మార్చలేదు. సాక్షికి గుర్తు లేకపోతే ఇతర ఆధారాలతో రుజువు చేసుకోవడానికి సాక్ష్య చట్టంలో దారి ఉందన్నారు. రిజిస్ట్రేషన్‌లో ఫొటో, వేలిముద్రలు ఉన్నాయి, చేతిరాత ఉంది, రాయించింది తనే కాబట్టి తానూ సాక్ష్యం చెప్పొచ్చన్నారు. అలా చెప్పాల్సొస్తే అదే కేసులో వకాల్తా వేయడం పద్ధతి కాదు కాబట్టి వేరే లాయర్ని చూసుకోమన్నారు. ఫైలు అడిగితే మర్నాడే ఇచ్చేశారు, పైన పెన్సిల్‌తో ఇండెక్సు రాసి మరీ. ఆయనకి అప్పటికి నేను కొంత ఫీజు బాకీ, ఆ ఊసే ఎత్తలేదు. ఫీజు బాకీ ఉందని లాయర్ ఫైలు పట్టుకు కూర్చోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందట, ఈ సంగతి కూడా ఆయనే చెప్పారు. ఎంతమంది చెప్తారు?

కొత్త లాయర్ వేటలో కలిసిన మొదటాయన ఫైలు తెరవకుండానే "ఇల్లు మీకొస్తే పది శాతం ఇవ్వండి, ఇప్పుడు ఒక్క రూపాయి వద్దు" అన్నారు. వినడానికి బాగుంది. కేసు ఫలితంలో వాటా తీసుకోవడం లాయర్లకి నిషేధం అని మా పాతాయన చెప్పాకే తెలిసింది, అప్పటికి నేను దాదాపు ఒప్పేసుకున్నాను. రెండో ఆమె వాయిదాకి ఇంత అని కాకుండా మొత్తం కేసుకి ఒక అంకె చెప్పి, అందులో ఏమేం కలిశాయో, ఏవి కలవలేదో కాగితం మీద రాసిచ్చారు. ఆవిడ నచ్చారు కానీ ఆవిడతో పని పడలేదు. మా ఫ్రెండ్ ఒకామె "మీ పాత లాయర్ మీద కన్‌జ్యూమర్ కోర్టుకి వెళ్లు" అని ఒకటే పోరు. సరిగ్గా ఆ 2024 మేలోనే, లాయర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక మిగిలేది బార్ కౌన్సిల్, అక్కడికి వెళ్లడానికి ఆయనేం మోసం చేయలేదు. పైగా నిజం చెప్పాలంటే, 2020 చీటీ మొన్న బీరువాలో దొరికింది, అందులో ఆరో నంబర్ "డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే మంచిది". కరోనాలో ఆసుపత్రికి ఏం వెళ్తాంలే అని మేమే వదిలేశాం. అది ఉండుంటే తమ్ముడి నోట ఆ మైకం మాట వచ్చేది కాదేమో.

కోర్టుదాకా పోలేదు. అమ్మ ఒక ఆదివారం తమ్ముణ్ణి పిలిచి, ఇద్దరికీ పప్పుచారు వడ్డించి, "షట్టర్ అద్దె నేను బతికున్నన్నాళ్లు నాకివ్వండి, తర్వాత చెరి సగం చేసుకోండి, ఇక నా ముందు ఆ కాగితం తియ్యకండి" అంది. వీలునామా ప్రకారమైతే షట్టర్ పూర్తిగా నాది. సగం వదులుకున్నాను. వీలునామాకి స్టాంపు ఖర్చే లేదు, ఇలా పంచుకున్నట్టు రాసుకున్న ఈ పార్టిషన్ డీడ్‌కి మాత్రం స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కట్టాం. డీడ్ రాసింది మళ్లీ మా లాయర్ గారే. ఫీజు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కాబట్టి నా మాట ఇది. ఫ్లాటో స్థలమో కొంటుంటే, ముఖ్యంగా చేతులు మారిన పాత ఆస్తి అయితే, ఇప్పటికీ కళ్లు మూసుకుని ఈయన దగ్గరికే పంపిస్తాను. టైము ఉంటేనే సుమా, రెండు వారాల్లో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నవాళ్లకి ఈ చీటీ నరకం. వీలునామాకైతే, మీ ఇంట్లో అందరూ ఒక్క మాట మీదుండి, కాదనేవాళ్లే లేకపోతే ఈయన సరిపోతారు. లేదంటే సాక్షుల సంగతి మీరే చూసుకోండి: రాసేవాళ్లకన్నా చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు, వాటా లేనివాళ్లు, అవసరమైతే కోర్టుకొచ్చి నిలబడేవాళ్లు. నాకు కలిసొచ్చింది అమ్మ ఉండటం, తమ్ముడు మరీ మొండివాడు కాకపోవడం. మీ ఇంట్లో ఎలాగో నాకు తెలియదు.

పోయిన నెల నా వీలునామా కూడా ఆయన దగ్గరే రాయించాను, కోపం ఉన్నా ఇంకొకర్ని వెతికే ఓపిక లేదు. సాక్షులుగా మా మెడికల్ షాపు కుర్రాణ్ణి, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిని తీసుకెళ్లాను. ఆయన ఆధార్‌లు తీసుకుని ఎప్పటిలాగే పిన్‌కోడ్‌ దగ్గర మొదలుపెట్టారు. ఆ అమ్మాయి పెళ్లయి అమెరికా వెళ్లిపోతుందేమో అడగండి సార్ అని నేనే అనాల్సి వచ్చింది. ఆయన తలెత్తి నన్ను చూసి, చీటీ మీద ఏదో రాసుకున్నారు.