ప్యూర్ బ్యాడ్జరా, సిల్వర్‌టిప్పా?

షేవింగ్ బ్రష్ కొనేటప్పుడు ఎక్కువగా తికమక పెట్టేది ఈ రెండు పేర్లే. రెండూ బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల్లో రకాలే (గ్రేడ్లు). ప్యూర్ బ్యాడ్జర్ వెంట్రుకలు ముదురు రంగులో, కాస్త మొరటుగా ఉంటాయి. కుచ్చుకి ఆకారం రావడానికి చాలాసార్లు కొసలు కత్తిరిస్తారు, అందుకే చెంప మీద గీరుకున్నట్టు ఉంటుంది. కానీ గట్టి సబ్బు మీద ఆ బిరుసే పనికొస్తుంది, నురగ త్వరగా లేస్తుంది.

సిల్వర్‌టిప్‌కి సహజమైన కొసలే ఉంచుతారు: తెల్లటి కొస, కింద నల్లటి పట్టీ. నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, చర్మానికి మెత్తగా తగులుతుంది. క్రీమ్ వాడేవాళ్లకి హాయి. ధర మాత్రం బాగా ఎక్కువ.

అయితే ఈ గ్రేడ్లకు అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు, ఎవరి పేర్లు వాళ్లవి. కొసలకు బ్లీచ్ పెట్టి తెల్లగా చేసినవీ ఉంటాయి. సబ్బు బిళ్ల వాడేవాళ్లయితే నా ఓటు ప్యూర్‌కే.