అమ్మ రెండుసార్లు చుట్టిన అంతస్తు

ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ మ్యూజియంలో మూడు గంటలు తిరిగి బయటికొచ్చాక కూడా అమ్మ మోకాళ్ల నొప్పి ఊసెత్తలేదు. వేరే ఊళ్లో ఒక పెద్ద మ్యూజియంలో గంటకే ఇంటికి పోదామంది. అక్కడ మ్యాప్‌లో ఒక నంబరు, గది మీద ఇంకో నంబరు. ఆరు గదులు దాటాక దారి మూసేసి ఉంది, మళ్లీ అంతా వెనక్కి నడిచాం. కూర్చోవడానికి ఒక్క బెంచీ కనిపించలేదు. నాకు చాలా బాధేసింది.

ఈ అలసట కొత్తదేమీ కాదు. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్, అద్దాల బీరువాల్లోని వస్తువులు చూడటానికి మనిషి ఎంతెంత వంగాల్సి వస్తోందో ఫొటోలు తీయించి, అమరికే ఇలా అలసిపోయేలా చేస్తోందని 1916లోనే రాశాడు.

ఏథెన్స్ భవనం 2009లో తెరిచారు, ఆర్కిటెక్ట్ బెర్నార్డ్ చూమీ. లోపలికి వెళ్లగానే నేల వాలుగా పైకి లేస్తుంది, పక్కనే ఉన్న అక్రోపొలిస్ కొండ ఎక్కుతున్నట్టే. కొన్నిచోట్ల అది గాజు నేల. కింద తవ్వకాల్లో బయటపడ్డ పాత ఊరు కనిపిస్తుంది. రెండువైపులా ఆ కొండవాలు మీద దొరికిన వస్తువులే. పైన శిల్పాల హాలు. స్తంభాల మధ్య, పగటి వెలుగులో విగ్రహాలు నిలబడి ఉంటాయి. చుట్టూ తిరిగి వీపు మీది జడలు కూడా చూడొచ్చు.

అసలు సంగతి పై అంతస్తు. కింది అంతస్తుల నుంచి కాస్త పక్కకు తిరిగి, అద్దాల్లోంచి కొండ మీద కనిపించే పాత గుడి పార్థెనాన్ ఏ దిక్కున ఉందో సరిగ్గా ఆ దిక్కునే ఉంటుంది. ఆ గుడి పైభాగంలో ఒకప్పుడు ఉన్న 160 మీటర్ల ఊరేగింపు శిల్పాలను అదే క్రమంలో, కంటికి అందే ఎత్తులో చుట్టూ పెట్టారు. చూస్తూ నడిస్తే చాలు, మన ప్రదక్షిణ పూర్తవుతుంది. వేరే దేశాల్లో ఉండిపోయిన భాగాలకు ప్లాస్టర్ నకళ్లు పెట్టారు. తేనెరంగు పాలరాయి పక్కన ఆ తెలుపు చూడగానే, ఏది ఇక్కడ లేదో బోర్డు చదవకుండానే తెలిసిపోతుంది. గుండె కలుక్కుమంటుంది.

న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం (1959) దారి వేరు. లిఫ్ట్‌లో పైకి వెళ్లి, చుట్టలు తిరిగే వాలు మీదుగా కిందికి దిగాలన్నది దాని ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆలోచన. తప్పిపోతామన్న టెన్షన్ ఉండదు, ఇందాక చూసినవి అవతలి వైపు మళ్లీ కనిపిస్తాయి. అయితే ఒంపు గోడలు, వాలు నేల బొమ్మలకు నప్పవని కట్టేటప్పుడే 21 మంది చిత్రకారులు ఉత్తరం రాశారు. నిదానంగా ఒక్క బొమ్మ ముందే నిలబడిపోయేవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. నడక ఇష్టమైతే మాత్రం తప్పకుండా వెళ్లండి.

పెద్దవాళ్లతో వెళ్తుంటే నా ఓటు ఏథెన్స్‌కే. అమ్మ ఆ పై అంతస్తు రెండుసార్లు చుట్టొచ్చింది, రెండోసారి నన్ను పిలవకుండానే.