వంగ, టమాటాకి ఏది మేలు: ఉత్త గత్తమా (పశువుల ఎరువా), ట్రైకోడెర్మా కలిపిన గత్తమా, జీవామృతమా?

నన్నడిగితే వంగ, టమాటా, మిరప లాంటి నారు పోసి నాటే పంటలకి ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు కలిపి మాగబెట్టిన గత్తమే మేలు, ఎందుకంటే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వీటితో అసలు టెన్షనంతా నారు కుళ్లు, వేరు కుళ్లే, ట్రైకోడెర్మా విరిడి పని చేసేది సరిగ్గా వాటి మీదే. బెండకి, తోటకూరకి బాగా చివికిన ఉత్త గత్తం చాలు, పైన ఇంకో ఖర్చు దండగ.

తయారీ బ్రహ్మవిద్యేం కాదు. 90 కిలోల చివికిన గత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో కుప్ప పోసి తడి గోనెసంచులు కప్పండి. వారం పది రోజులకి కుప్ప మీద బూజు పడుతుంది, పాడైపోయిందని పారేసేరు, మనకి కావలసింది అదే! ఆఖరి దుక్కిలో, నేలలో పదునున్నప్పుడు వేసుకోవాలి. పచ్చి పేడలో మాత్రం కలపొద్దు, ఆ వేడికి ఏదీ బతకదు.

అన్నీ కలిపేసి అమ్మే బస్తాల మీద నాకంత గురి లేదు. లోపలున్నది ప్రాణమున్న సరుకు, అది రేకుల షెడ్డులో వేసవంతా మగ్గితే మిగిలేది ఉత్త గత్తమే, రేటు మాత్రం తగ్గదు. ట్రైకోడెర్మా ప్యాకెట్ కొన్నా తేదీ చూసే కొనండి.

జీవామృతం చవకే, కాదనను. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు రోజులు కలియబెడితే ఎకరాకి సరిపోతుంది. కానీ నిల్వ ఉండదు, మళ్లీ మళ్లీ చేసుకోవాలి, ఇంట్లో ఆవు లేకపోతే మూత్రం కోసం ఊరంతా తిరగాలి. దుక్కిలో గత్తం వేసి, పంట మీద ఇది పారిస్తే బాగుంటుంది, గత్తం మానేసి ఇదొక్కటే అంటే నేనొప్పుకోను.

ఒకటి చూసుకోండి. పచ్చగా ఉన్న వంగ ఉన్నట్టుండి వాడిపోతే కాండం కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టండి, పాలలాంటి తీగ దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు, ట్రైకోడెర్మాకి లొంగదు, అక్కడ వంగ, టమాటా మానేసి మొక్కజొన్న వేసుకోవాలి.

ఇక బలం సంగతి. 100 కిలోల గత్తంలో నత్రజని అర కిలోకి అటూఇటూ, అంతే, కాబట్టి యూరియా వేసినంత వేగంగా ఆకు పచ్చబడదు. కావాలంటే ఎకరాకి 2 కిలోల అజోస్పైరిల్లం (గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా), 2 కిలోల ఫాస్ఫోబాక్టీరియా (నేలలోని భాస్వరాన్ని కరిగించేది) కూడా గత్తంతోనే వేయొచ్చు, యూరియా, డీఏపీ మాత్రం అదే కుప్పలో కలపకుండా తర్వాత విడిగా వేయండి.